‘సరిసంఖ్యలైతే రెండుతో కొట్టెయ్’ అని నేర్పాను, ఇప్పుడేం చేయను?

ఒక మండల కేంద్రం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు. ఆవిడ 12 ఏళ్ల కిందట తెలుగు మీడియంలో బీఎస్సీ చేశారు. ఇంట్లోనే ట్యూషన్లు చెబుతారు. 11 మంది పిల్లల్లో ఏడుగురు హైస్కూలు వాళ్లు, నలుగురు ఇంటర్ మొదటి సంవత్సరం. అణుఫార్ములా (ఒక అణువులో ఏ మూలకపు పరమాణువులు ఎన్నున్నాయో చెప్పేది) నుంచి అనుభావిక ఫార్ములా (వాటి నిష్పత్తిని అతి చిన్న పూర్ణాంకాల్లో చెప్పేది) రాబట్టడానికి ఈ నలుగురికీ ఒక చిట్కా నేర్పారు: ‘కింద ఉన్న అంకెలన్నీ సరిసంఖ్యలైతే రెండుతో కొట్టెయ్, లేకపోతే ఉన్నదున్నట్టు రాసెయ్.’

అదే వీధిలోని ఒకమ్మాయి కాలేజీ వీక్లీ టెస్టులో ఆ చిట్కానే నమ్ముకుంది. బెంజీన్‌కి సి₃హెచ్₃ అని, గ్లూకోజ్‌కి సి₃హెచ్₆ఓ₃ అని రాసింది. మూలకాల బరువు శాతాల నుంచి ఫార్ములా కనుక్కునే లెక్కలో 1 : 1.33 : 1 వస్తే మధ్యలో ఉన్నదాన్ని 1 చేసేసింది. మూడూ తప్పే. ‘ఎవరు చెప్పారు ఇలా చేయమని?’ అని లెక్చరర్ నిలబెట్టి అడిగితే ఈవిడ పేరు చెప్పింది. ఆ సాయంత్రమే అమ్మాయి తల్లి వచ్చి, ‘వదినా, ఫీజు సంగతి తర్వాత, ముందు ఇది తప్పో ఒప్పో చెప్పు’ అన్నారట. ఈవిడ ‘చూసి చెబుతా’ అని పంపేశారు. ‘ఎందుకొచ్చిన గొడవ, ఇంటర్ పిల్లల్ని మానిపించెయ్’ అంటున్నారు భర్త.

వీటన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నది ఇంకొకటట. ‘గ్లూకోజ్‌కీ, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లానికీ, ఫార్మాల్డిహైడ్‌కీ ఒకటే అనుభావిక ఫార్ములా వస్తోంది కదా మేడమ్, మరి అదెందుకు మనకి?’ అని ఒక కుర్రాడు అడిగితే, ‘సిలబస్‌లో ఉంది కాబట్టి’ అని నోరు మూయించారు. తప్పు ఒప్పుకోవాలా, చప్పుడు చేయకుండా సర్దుకోవాలా, ఇంటర్ చెప్పడమే మానేయాలా అన్నది వారి ప్రశ్న.

మీ ఉత్తరంలో మూడున్నర పేజీలు అవమానం గురించి, అర పేజీ లెక్క గురించి రాశారు. నేను ముందు లెక్క సంగతే చూస్తాను. అది తేలితే ఆ అమ్మాయి తల్లికి, అంటే మీ వదినగారికి చెప్పాల్సిన జవాబు సగం దొరుకుతుంది.

మీ చిట్కా పూర్తిగా తప్పు కాదు. అందుకే ఇన్నాళ్లు నిలబడింది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 2, 2 ఉంటే 1, 1 అవుతుంది. బ్యూటేన్‌లో 4, 10 ఉంటే 2, 5. నాఫ్తలీన్‌లో 10, 8 ఉంటే 5, 4. ఆక్సాలిక్ ఆమ్లంలో కార్బన్ 2, హైడ్రోజన్ 2, ఆక్సిజన్ 4 ఉంటే 1, 1, 2. అన్నిటికీ రెండే సరిపోయింది. మీకు ఎదురైన లెక్కల్లో ఎక్కువ భాగం ఇలాంటివే అయి ఉంటాయి. మీరు నేర్చుకున్నది గరిష్ఠ సామాన్య భాజకం, అంటే గ.సా.భా., రెండు అయ్యే సందర్భాన్ని. దాన్నే సూత్రం అనుకున్నారు.

బెంజీన్‌లో 6, 6. వాటి గ.సా.భా. 6 కాబట్టి అనుభావిక ఫార్ములా సిహెచ్. గ్లూకోజ్‌లో 6, 12, 6. ఆరుతో కొడితే 1, 2, 1, అంటే సిహెచ్₂ఓ. ఈ రెండింటిలోనూ మీ చిట్కా పని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. చిట్కాలో రెండో సగం ఇంకా ప్రమాదం. లాక్టిక్ ఆమ్లం సి₃హెచ్₆ఓ₃. బేసిసంఖ్యలున్నాయి కదా అని పిల్లలు ముట్టుకోరు. దాన్ని మూడుతో కొడితే అదీ సిహెచ్₂ఓ అవుతుంది.

చిట్కా కావాలంటే ఇది ఇవ్వండి: అంకెల్లో అన్నిటికంటే చిన్నదాన్ని పట్టుకోవాలి. ముందు దానితోనే అన్నీ భాగించబడతాయేమో చూడాలి. కాకపోతే దాని భాజకాలను పెద్దదాని నుంచి కిందికి వరసగా చూసుకుంటూ రావాలి. విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లంలో 6, 8, 6. చిన్నది 6, దానితో 8 పోదు. 3తోనూ పోదు. 2తో అన్నీ పోతాయి, కాబట్టి 3, 4, 3. కెఫీన్‌లో 8, 10, 4, 2. చిన్నది 2, దానితో అన్నీ పోయి 4, 5, 2, 1 మిగులుతాయి. చక్కెరలో, అంటే సుక్రోజ్‌లో 12, 22, 11. చిన్నది 11, దానితో 12 పోదు. 11కి ఇంకే భాజకమూ లేదు కాబట్టి ఉన్నదే అనుభావిక ఫార్ములా. ఇక్కడే కొందరు 12నీ 22నీ రెండుతో కొట్టేసి 11 దగ్గర ఐదున్నర రాసి కూర్చుంటారు. అర పరమాణువు ఉండదని చెప్పడానికి ఇంతకంటే మంచి లెక్క దొరకదు.

ఫార్ములాలో ఏదో ఒక మూలకానికి పరమాణువు ఒక్కటే ఉంటే కొట్టేయడానికేమీ లేదు. మీథేన్, ఇథైల్ ఆల్కహాల్, యూరియా అన్నీ అంతే. అయితే ఈ మాట చెప్పే ముందు ఇంకో మెట్టు ఉంది, మీ ఉత్తరంలో అది లేదు. ఎసిటిక్ ఆమ్లాన్ని పుస్తకాల్లో సిహెచ్₃సిఓఓహెచ్ అని విడదీసి రాస్తారు. పిల్లలు దాన్ని ఎడమ నుంచి కుడికి 1, 3, 1, 1, 1, 1 అని చదివి, ‘ఒకటి ఉంది కదా మేడమ్, ఇంకేం కొడతాం?’ అంటారు. ముందు మూలకం వారీగా కూడాలి: కార్బన్ 2, హైడ్రోజన్ 4, ఆక్సిజన్ 2. అప్పుడు గ.సా.భా. 2 అని కనబడుతుంది. బ్రాకెట్లున్నా అంతే. కాల్షియం నైట్రేట్‌లో బ్రాకెట్ విప్పితే కాల్షియం 1, నైట్రోజన్ 2, ఆక్సిజన్ 6. కాల్షియం ఒకటే కాబట్టి అక్కడితో సరి. బ్రాకెట్ బయట 2 కనబడగానే కొట్టేయాలని చెయ్యి వెళుతుంది, అది తప్పు.

ఉప్పు లాంటి అయానిక (విద్యుదావేశమున్న కణాలతో ఏర్పడే) పదార్థాల్లో విడి అణువులు ఉండవు. అందుకని వాటికి మనం రాసేది చాలావరకు మొదటి నుంచీ అనుభావిక ఫార్ములానే. సోడియం పెరాక్సైడ్, మెర్క్యురస్ క్లోరైడ్ లాంటివి కొన్ని దీనికి మినహాయింపు. ఇంటర్ మొదటి సంవత్సరానికి ఈమాత్రం చాలు.

ఇక ఆ అమ్మాయి చేసిన మూడో తప్పు. దీన్ని మీరు మొదటి రెండింటితో కలిపి ఒకే గంపలో వేశారు. అది వేరే జాతి. అణుఫార్ములా నుంచి వచ్చేటప్పుడు చేతిలో ఉన్నవి కచ్చితమైన పూర్ణాంకాలు. అక్కడ సవరించడమనే మాటే రాదు. శాతాల నుంచి వచ్చేటప్పుడు చేతిలో ఉన్నవి తూకాలు, తూకంలో కాస్త అటూ ఇటూ ఉంటుంది. అక్కడ సవరించాలి, కానీ ఎంతవరకన్నదే అసలు ప్రశ్న. ‘చివరికి పూర్ణాంకాలే రావాలి’ అని మీరు మొదటి రకం లెక్కలో నేర్పారు. ఆ అమ్మాయి అదే మాట రెండో రకంలో పాటించి 1.33ని 1 చేసింది.

ఆమెకు వచ్చింది విటమిన్ సి లెక్కే అయి ఉండొచ్చు, ఆ నిష్పత్తి దానిదే. కార్బన్ 40.92, హైడ్రోజన్ 4.58, ఆక్సిజన్ 54.50 శాతం. 100 గ్రాములు తీసుకున్నామనుకుంటే శాతాలే గ్రాములవుతాయి. వాటిని ఆయా మూలకాల పరమాణు భారాలతో భాగించాలి: 40.92ని 12.01తో భాగిస్తే 3.407, 4.58ని 1.008తో భాగిస్తే 4.544, 54.50ని 16తో భాగిస్తే 3.406. అన్నిటినీ చిన్నదైన 3.406తో భాగిస్తే 1, 1.334, 1. ఇప్పుడు 1.334ని చూసి ‘ఇది ఒకటికి దగ్గర’ అనకూడదు, ‘ఇది ఒకటీ మూడో వంతు’ అనాలి. అంటే అన్నిటినీ 3తో గుణించాలి: 3, 4, 3. చివర .5 వస్తే 2తో, .33 లేదా .67 వస్తే 3తో, .25 లేదా .75 వస్తే 4తో గుణించాలి. 1.02నో 1.98నో మాత్రం నిశ్చింతగా సవరించుకోవచ్చు. ఇనుము ఆక్సైడ్లతో ఇది చక్కగా చూపించొచ్చు. 69.9 శాతం ఇనుము, 30.1 శాతం ఆక్సిజన్ ఉంటే నిష్పత్తి 1 : 1.5, కాబట్టి 2 : 3. ఇనుము 72.4, ఆక్సిజన్ 27.6 అయితే 1 : 1.33, కాబట్టి 3 : 4. రెంటినీ 1 : 1 చేసేస్తే రెండు వేర్వేరు ఆక్సైడ్లు ఒకటైపోతాయి.

సవరించడంలో తప్పు చేశామేమో వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. 1 : 1 : 1 అయితే సిహెచ్‌ఓ, దాని భారం 29. అందులో హైడ్రోజన్ 3.4 శాతమే అవుతుంది. లెక్కలో ఇచ్చింది 4.58. కుదరలేదు. విటమిన్ సి అణుభారం 176 అని కూడా ఇచ్చి ఉంటే, 176ని 29తో భాగిస్తే 6.07 వస్తుంది. ఇక్కడ పిల్లలు 6 అని రాసేసి సి₆హెచ్₆ఓ₆ తేలుస్తారు. దాని భారం 174. రెండు యూనిట్లు ఎక్కడికి పోయాయని అడగండి. సరైన సి₃హెచ్₄ఓ₃ భారం 88, దాంతో 176ని భాగిస్తే కచ్చితంగా 2.

ఈ అణుభారం పరీక్ష మంచిదే కానీ గుడ్డిగా నమ్మకండి. సి₃హెచ్₃ భారం 39, బెంజీన్‌ది 78. భాగిస్తే చక్కగా 2 వస్తుంది. సగంలో ఆపేసిన తప్పును ఈ పరీక్ష పట్టుకోదు. మీరు సరిచూసుకున్నా ఆ చిట్కా లోపం బయటపడకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. కాబట్టి అణుభారం సరిచూశాక కూడా ‘ఇంకా ఉమ్మడిగా పోయే అంకె ఏమైనా మిగిలిందా?’ అని ఒకసారి చూడాలి.

శాతాల లెక్కలో మీ పిల్లలు ఇంకా చేయని, కానీ ఏదో ఒక రోజు చేసే తప్పు ఒకటుంది. ఆక్సిజన్ అనగానే ఓ₂ గుర్తొచ్చి 32తో, హైడ్రోజన్‌ని 2తో భాగిస్తారు. కార్బన్ 40, హైడ్రోజన్ 6.67, ఆక్సిజన్ 53.33 శాతాలతో అలా చేస్తే 3.33, 3.33, 1.67 వచ్చి నిష్పత్తి 2 : 2 : 1 అవుతుంది. అంకెలు అందంగా కుదురుతాయి, అనుమానమే రాదు. మనం లెక్కపెట్టేది పరమాణువుల్ని కాబట్టి 16తోనే, 1తోనే భాగించాలి. అప్పుడు 3.33, 6.67, 3.33, అంటే 1 : 2 : 1.

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్న. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే, మీరు దాన్ని అవమానాల లెక్కలో వేసుకున్నా సరే. దానికి జవాబు ‘అనుభావిక’ అనే మాటలోనే ఉంది. ప్రయోగంలో అనుభవానికి వచ్చిన ఫార్ములా అది. 1831లో జర్మనీలో రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ఐదు గాజు బుడగల పరికరంతో కర్బన పదార్థాల విశ్లేషణను తేలిక చేశాడు. పదార్థాన్ని తూచి ఆక్సిజన్ బాగా అందేలా పూర్తిగా కాలుస్తారు. వచ్చిన నీటి ఆవిరిని కాల్షియం క్లోరైడ్, కార్బన్ డయాక్సైడ్‌ని పొటాషియం హైడ్రాక్సైడ్ పట్టుకుంటాయి. వాటి బరువు ఎంత పెరిగిందో తూస్తారు.

బోర్డు మీద ఇది చేయించండి. 0.30 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా కాలితే 0.44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 0.18 గ్రాముల నీరు వస్తాయి. 0.44లో పన్నెండు బై నలభై నాలుగో వంతు కార్బన్, అంటే 0.12 గ్రాములు. 0.18లో రెండు బై పద్దెనిమిదో వంతు హైడ్రోజన్, అంటే 0.02. మిగిలిన 0.16 ఆక్సిజన్. పరమాణు భారాలతో భాగించి మోల్స్‌లోకి మారిస్తే 0.01, 0.02, 0.01. ఇప్పుడు గ్లూకోజ్ బదులు 0.30 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం తీసుకోమనండి. అదే 0.44, అదే 0.18. ఫార్మాల్డిహైడ్ తీసుకున్నా అదే. తక్కెడకు ఈ మూడింటి మధ్య తేడా తెలియదు. తెలియాలంటే అణుభారం ఇంకో దారిలో కనుక్కోవాలి: ఫార్మాల్డిహైడ్ 30, ఎసిటిక్ ఆమ్లం 60, గ్లూకోజ్ 180. సిహెచ్₂ఓ భారమైన 30తో భాగిస్తే 1, 2, 6. ‘మరి అదెందుకు?’ అన్నదానికి జవాబు ఇదే. తెలియని పదార్థం చేతికొచ్చినప్పుడు ముందు దొరికేది నిష్పత్తే, అణుఫార్ములా ఆ తర్వాతి సంగతి. పాఠంలో మనం దాన్ని తలకిందులు చేసి అణుఫార్ములా నుంచి వెనక్కి రమ్మంటాం, అందుకే అర్థంలేని పనిలా కనబడుతుంది.

వంటింటి మాటల్లో చెప్పాలంటే, మినపప్పు ఒక గ్లాసుకు ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు అన్నది కొలత. అది ఇంట్లో నలుగురికి నానబోసిందో, పెళ్లికి నాలుగు వందల మందికి నానబోసిందో ఆ కొలతలో కనబడదు. ఒకటే జాగ్రత్త: పిండి ఎంత పోసినా ఇడ్లీ ఇడ్లీయే, ఫార్మాల్డిహైడ్ మాత్రం గ్లూకోజ్ కాదు. ఈ పోలికను అక్కడితో ఆపేయండి. ఆ కుర్రాడు ఇంకా అడిగితే ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ చూపించండి. అణువులో ఆక్సిజన్లు పది, ఫాస్ఫరస్‌లు నాలుగు. పేరులోని ‘పెంటా’, అంటే అయిదు, అనుభావిక ఫార్ములా నుంచి వచ్చింది.

ఇక మీ మూడు దారులు. చప్పుడు చేయకుండా సర్దుకుంటే రేపటి నుంచి కొత్త పద్ధతి నడుస్తుంది, ఎవరూ ఏమీ అనరు. కానీ నలుగురి నోట్సుల్లోనూ పాత చిట్కా ఉంది. పరీక్షల ముందు రాత్రి వాళ్లు తెరిచేది ఆ నోట్సునే. పైగా అమ్మాయి పేరు చెప్పింది కాబట్టి, ఇది మీకు తెలియదనుకునే వాళ్లెవరూ ఆ గదిలో ఉండరు.

ఒప్పుకుంటే ఒకరిద్దరు మానేయొచ్చు. ఆ నష్టం నిజమే, దాన్ని చిన్నది చేసి చెప్పను. అయితే ఎలా ఒప్పుకుంటారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. కన్నీళ్లూ సంజాయిషీలూ పిల్లలకు ఇబ్బంది. వాళ్ల నోట్సు తెరిపించి, ఆ పేజీ మీద వాళ్ల చేతే అడ్డగీత కొట్టించి, ‘ఇది బ్యూటేన్‌కి పనిచేస్తుంది, బెంజీన్‌కి ఎందుకు చేయదో చూద్దాం’ అంటే పావుగంటలో పాఠమైపోతుంది. వదినగారికి మాత్రం పిల్లల కంటే ముందే, ఫోన్లో కాకుండా ఇంటికెళ్లి చెబితే మేలు: ‘వదినా, తప్పు పాపది కాదు, నేను చెప్పిన పద్ధతిది. రెండు లెక్కలు అలా పోయాయి. మూడోది కూడా నేను సరిగ్గా విడమరచకపోవడం వల్లే. ఈ ఆదివారం కూర్చోబెట్టి సరిచేస్తా.’ ఇందులో మూడోదాన్ని కలపడం మర్యాద కోసం కాదు, అది నిజం కాబట్టి. ఫీజు ఆవిడ అడిగితే ఆ వారానిది వదిలేయండి. అడగకముందే నెలంతా తిరిగిస్తానంటే, ఆవిడ అనుకున్నదాని కంటే తప్పు పెద్దదేమోనన్న భయం పుడుతుంది. రెండు క్లాసులు ఊరికే చెబుతాననడం ఇద్దరికీ తేలిక.

మీవారి సలహాను కొట్టిపారేయకండి. ఆయన కారణం గొడవ, మీరు చూడాల్సిన కారణం వేరు. ఒక చిట్కా తప్పినంత మాత్రాన ఇంటర్ చెప్పలేరని కాదు. కానీ 12 ఏళ్ల విరామం తర్వాత మిగతా అధ్యాయాలు ఎలా ఉన్నాయో మీకూ తెలియాలి. ఒక రాత్రి పుస్తకం మూసి, స్టాయికియోమెట్రీ (పదార్థాల పరిమాణాల) లెక్కలు ఆరు తీసుకుని అరగంట పెట్టుకోండి: అణుఫార్ములా నుంచి రెండు, శాతాల నుంచి రెండు, దహనం నుంచి ఒకటి, పరిమిత కారకం (చర్యలో ముందుగా అయిపోయే పదార్థం) మీద ఒకటి. అయిదు వస్తే మీకు కావాల్సింది కాస్త ముందస్తు తయారీయే. మూడో నాలుగో వస్తే ఒక్కో అధ్యాయం పిల్లలకంటే రెండు వారాలు ముందుండేలా చూసుకుంటూ ఈ ఏడాది నడిపించొచ్చు, శ్రమ మాత్రం ఎక్కువ. అంతకంటే తగ్గితే కెమిస్ట్రీ వదిలి వాళ్లకి మ్యాథ్స్ వరకే చెప్పడం కూడా ఒక దారి. మధ్యలో నలుగురినీ ఒక్కసారి పంపించేస్తే మాత్రం ఈ టైంలో వాళ్లకి ఇంకో చోటు దొరకడం కష్టం, వీధిలో మాట కూడా వేరేలా పాకుతుంది. మానేయాలనే అనుకుంటే ఈ అధ్యాయం సరిచేసి, దసరా సెలవులకు ఆపుతున్నానని ముందే చెప్పి ఆపడం నయం.

ఆదివారం క్లాసుకు ఈ అయిదూ పెట్టండి: లాక్టిక్ ఆమ్లం, కెఫీన్, సుక్రోజ్, విడదీసి రాసిన ఎసిటిక్ ఆమ్లం, ఆఖరున ఒక శాతాల లెక్క. కార్బన్ 24.27, హైడ్రోజన్ 4.07, క్లోరిన్ 71.65 శాతం, అణుభారం 98.96. క్లోరిన్‌ని 35.45తో భాగించాలి, 71తో కాదు. నిష్పత్తి 1 : 2 : 1 రావాలి, అనుభావిక ఫార్ములా భారం 49.48, చివరికి కార్బన్ 2, హైడ్రోజన్ 4, క్లోరిన్ 2. బోర్డు దగ్గరికి ముందు ఆ ప్రశ్న అడిగిన కుర్రాణ్ణి పిలవండి. మీ వీధి అమ్మాయిని మొదటే పిలవకండి, ఆ టెస్టు వేడి ఇంకా చల్లారి ఉండదు.